పాత ఫాక్స్ బాడీ మస్టాంగ్‌ని రోడ్డుకీ డ్రాగ్ స్ట్రిప్‌కీ తయారుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

1987–93 మధ్య వచ్చిన ఫోర్డ్ 5.0 మస్టాంగ్ కొని, సొంత గ్యారేజ్‌లో బాగుచేసుకుని, మామూలు రోజుల్లో రోడ్డు మీద నడుపుతూ అప్పుడప్పుడు డ్రాగ్ స్ట్రిప్‌లో, అంటే పావు మైలు తిన్నగా ఉండే రేసు ట్రాక్ మీద, పరిగెత్తించాలన్నది చాలామంది కోరిక. డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు మిత్రులు ఈ కారు గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎక్కణ్ణించి చదివినా ఫర్వాలేదు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను: డబ్బు మొదట బాడీకి, బ్రేకులకి, టైర్లకి వెళ్లాలి. హార్స్‌పవర్ వంతు ఆ తర్వాతే.

## కొనే ముందు

ఫాక్స్ బాడీ అంటే ఏ సంవత్సరాల కార్లు? అన్నీ ఒకటేనా?

ఫోర్డ్ కంపెనీ ఫాక్స్ అనే ప్లాట్‌ఫామ్ మీద 1979 నుంచి 1993 దాకా మస్టాంగ్‌లు తయారుచేసింది. డ్రాగ్ రేసింగ్‌కి ఎక్కువమంది వెతికేవి 1987 నుంచి వచ్చిన వీ8 (ఎనిమిది సిలిండర్ల) కార్లు. 5.0 అని పిలుస్తారు కానీ ఇంజన్ 302 క్యూబిక్ అంగుళాలు, అంటే 4.9 లీటర్లు. కంపెనీ చెప్పిన పవర్ 225 హార్స్‌పవర్, టార్క్ 300 పౌండ్-ఫీట్. 1993లో హార్స్‌పవర్‌ని 205 అని ప్రకటించారు. 1992 వరకు దెబ్బకి ఎక్కువ తట్టుకునే ఫోర్జ్‌డ్ పిస్టన్లు ఉండేవి, 1993లో వాటి స్థానంలో పోత పోసిన, కాస్త పెళుసైన హైపర్‌యుటెక్టిక్ పిస్టన్లు వచ్చాయి. ముందుముందు నైట్రస్ (ఇంజన్‌లోకి వాయువు చిమ్మి పవర్ పెంచేది) గానీ సూపర్‌చార్జర్ (గాలిని బలవంతంగా ఇంజన్‌లోకి తోసేది) గానీ పెట్టే ఆలోచన ఉంటే ఈ తేడా గుర్తుంచుకోండి. అంతకంటే ముఖ్యమైన మార్పు 1989లో వచ్చింది. ఆ ఏడాది నుంచి ఈ వీ8 కార్లన్నిటికీ ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్ పద్ధతి పెట్టారు. క్యామ్ (వాల్వ్‌లు తెరిచి మూసే షాఫ్ట్) మార్చాలనుకుంటే 1989, ఆ తర్వాతి కార్లే సులువు.

జీటీ మోడల్ తీసుకోవాలా, ఎల్ఎక్స్ మోడల్ తీసుకోవాలా?

5.0 ఇంజన్ ఉన్న ఎల్ఎక్స్‌కీ జీటీకీ యాంత్రికంగా తేడా లేదు, తేడా అంతా పైపై అలంకరణలోనే. స్ట్రిప్ కోసమైతే డిక్కీ విడిగా ఉండే ఎల్ఎక్స్ కూపే మేలు. అన్నిట్లోకీ తేలిక, బాడీ కూడా గట్టిగా ఉంటుంది. అందుకే దాని ధర కూడా ఎక్కువ. హ్యాచ్‌బ్యాక్‌తోనూ హాయిగా పని జరుగుతుంది. కన్వర్టిబుల్ వద్దంటాను: బరువెక్కువ, బాడీ మెలిక తిరుగుతుంది, పైగా స్ట్రిప్‌లో 13.49 సెకన్లు గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే రోల్ బార్ (కారు తిరగబడితే తల కాపాడే ఇనప చట్రం) తప్పనిసరి.

ఫొటోల్లో బాగానే ఉంది. చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి?

కారు కిందికి దూరి చూడకుండా బేరం మాట్లాడకండి. వెనక సీటు కింది భాగంలో, వెనక కంట్రోల్ ఆర్మ్‌లు (యాక్సిల్‌ని బాడీకి కలిపే చేతులు) బాడీకి బిగిసే చోట టార్క్ బాక్సులు ఉంటాయి. గట్టి లాంచ్‌లు (ఆగి ఉన్న కారుని ఒక్కసారిగా దూకించడం) చేసిన కార్లలో అక్కడి రేకు చిరుగుతుంది, స్పాట్ వెల్డ్‌లు ఊడతాయి. టార్చ్ వేసి నాలుగు మూలలూ చూడండి. కొత్తగా నల్ల అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో అడగండి.

తర్వాత బ్యాటరీ కింద రేకు, ముందు స్ట్రట్ టవర్లు, ఫ్లోర్ చూడండి. ప్యాసింజర్ వైపు కార్పెట్ తడిగా ఉంటే ఏసీ డ్రెయిన్, హీటర్ కోర్, విండ్‌షీల్డ్ కింది కౌల్ లీకు, ఈ మూడిట్లో ఏదో ఒకటై ఉంటుంది. విన్ నంబర్‌లో (కారు గుర్తింపు సంఖ్యలో) ఎనిమిదో అక్షరం ఆ కారు ఫ్యాక్టరీ నుంచి ఏ ఇంజన్‌తో వచ్చిందో చెబుతుంది. నాలుగు సిలిండర్ల కారులో తర్వాత వీ8 పెట్టినవి చాలానే ఉన్నాయి కాబట్టి అది తప్పక సరిచూసుకోండి. ఇంజన్ ఎలాంటి స్థితిలో ఉన్నా బాగుచేయొచ్చు. తుప్పు తిన్న బాడీ మాత్రం ఎంత డబ్బు పోసినా మింగేస్తుంది.

నాలుగు సిలిండర్ల కారు చవగ్గా దొరుకుతోంది, వీ8 వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఇంజన్ ఒక్కటే మారిస్తే పని కాదు. దాని వెనక యాక్సిల్ 7.5 అంగుళాల చిన్నది, బ్రేకులు చిన్నవి, వైరింగ్, కంప్యూటర్, గేర్‌బాక్స్ అన్నీ వేరు. పూర్తి 5.0 కారు ఒకటి దాత కారుగా చేతిలో ఉంటే తప్ప, చివరికి లెక్క వేస్తే వీ8 కారు కొన్నదానికంటే ఎక్కువే అవుతుంది.

తర్వాత దీన్ని ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

ఆ ఆశ పెట్టుకోవద్దు. వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే మూడేళ్లకు మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి అన్నవి అక్కడి నిబంధనలు. ఈ కారు రెండిట్లోనూ కుదరదు.

## చట్టం, ఇన్సూరెన్స్

టెక్సాస్‌లో ఇన్‌స్పెక్షన్ గొడవ ఉంటుందా?

2025 జనవరి 1 నుంచి మామూలు సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, హ్యూస్టన్ లాంటి ప్రాంతాల కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ (పొగ పరీక్ష) ఇంకా ఉంది కానీ అది 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోల్ కార్లకే. 1993 కారుకి అక్కర్లేదు. అంతమాత్రాన పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసి పారేయొచ్చని కాదు. ఎమిషన్స్ పరికరాలు తీసేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. ఇప్పుడు దొరికే హై-ఫ్లో క్యాట్‌ల వల్ల పోయే పవర్ చాలా తక్కువ, వాసన బాధ ఉండదు, వెనక కూర్చున్న పిల్లలకి తలనొప్పి రాదు. ఉంచుకోండి.

నేను కాలిఫోర్నియాలో ఉంటాను, నాకూ ఇదే వర్తిస్తుందా?

వర్తించదు. అక్కడ 1976, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు స్మాగ్ టెస్ట్ ఉంది. హెడర్లు (ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు), ఇన్‌టేక్ (గాలి లోపలికి తెచ్చేది), సూపర్‌చార్జర్ ఏది కొన్నా దాని మీద కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆర్డర్, అంటే అనుమతి) నంబర్ ఉందో లేదో చూసి కొనండి. ఆ నంబర్ లేని పార్ట్ పెడితే, పొగ పరిమితిలో ఉన్నా బానెట్ ఎత్తి చూడగానే ఫెయిల్ చేస్తారు.

రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద ఒక్క పుల్ (పూర్తి వేగంతో ఒక పరుగు) వేస్తే ఏమవుతుంది?

దయచేసి వద్దు. రోడ్డు మీద రేసింగ్ టెక్సాస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 545.420 కిందకు వస్తుంది. మొదటిసారి పట్టుబడినా క్లాస్ బీ మిస్‌డిమీనరే: 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. హెచ్-1బీ మీదో స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్లకు ఇది ఇంకా పెద్ద సమస్య. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని వీసా దరఖాస్తు డీఎస్-160లోనే అడుగుతారు. తర్వాత కేసు కొట్టేసినా అవునని రాయాలి, కాగితాలు చూపించాలి. స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లి ఆ టెన్షన్‌తో కాన్సులేట్ కిటికీ ముందు నిలబడాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

వీసా సంగతి పక్కన పెట్టినా, రోడ్డు మీద ఎదురుగా ఎవరొస్తారో తెలియదు. అంబులెన్స్ ఉండదు, గార్డ్‌రైల్ ఉండదు, తారుకి పట్టూ ఉండదు. డాలస్‌కి దక్షిణాన ఎనిస్‌లో టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ ఉంది. 1986లో బిల్లీ మేయర్ కట్టించిన ఈ స్ట్రిప్‌లో పావు మైలు మొత్తం కాంక్రీటే. టెస్ట్-అండ్-ట్యూన్ (పోటీ లేకుండా ఎవరి కారు వాళ్లు పరీక్షించుకునే) రోజున ఎవరి కారునైనా రానిస్తారు. హ్యూస్టన్ వైపు బేటౌన్‌లో ఉన్న స్ట్రిప్ 2022లో మూతపడింది, జార్జియాలో అట్లాంటా డ్రాగ్‌వే అంతకు ముందే పోయింది. ఉన్నవాటికి మనం టికెట్ కొని వెళ్తేనే అవి నిలబడతాయి.

మామూలు ఇన్సూరెన్స్ సరిపోతుందా?

రోడ్డుకి సరిపోతుంది కానీ కారు ధర దగ్గర ఇబ్బంది వస్తుంది. మామూలు పాలసీ ఆ రోజు మార్కెట్ విలువే ఇస్తుంది, మీరు పెట్టిన పార్టుల లెక్క చూడదు. ముందే ఒప్పుకున్న విలువ ఇచ్చే కలెక్టర్ కార్ పాలసీ తీసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. వాటిలో రోజూ ఆఫీసుకి నడపకూడదన్న షరతు ఉండొచ్చు, చదివి సంతకం పెట్టండి. స్ట్రిప్‌లో జరిగిన నష్టాన్ని చాలా పాలసీలు కవర్ చేయవు.

## బాగుచేయడం

కారు ఇంటికి వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

రబ్బరుతో. ఈ కార్లకు 30 ఏళ్లు దాటిపోయాయి. ఫ్యూయెల్ హోస్‌లు, బ్రేక్ హోస్‌లు, రేడియేటర్ హోస్‌లు చూడ్డానికి బాగున్నా మార్చేయండి. టైరు పక్కన డాట్ కోడ్ చివర్లో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పదేళ్లు దాటిన టైరుతో హైవే ఎక్కొద్దు. ఆ తర్వాత అన్ని ఫ్లూయిడ్‌లూ, ఇగ్నిషన్ ట్యూనప్. హెడ్‌లైట్ స్విచ్ వెనక కనెక్టర్ వేడికి కరగడం ఈ కార్లలో మామూలే, అది తప్పక విప్పి చూడండి.

ఒక జాగ్రత్త: ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగ్ స్ట్రట్ మీద ఉండదు, కింది కంట్రోల్ ఆర్మ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య నొక్కుకుని ఉంటుంది. కంట్రోల్ ఆర్మ్‌కి జాక్ ఆనించకుండా బాల్ జాయింట్ నట్ విప్పితే ఆ స్ప్రింగ్ ప్రాణం తీయగలదు. ఈ పని మొదటిసారి తెలిసినవాళ్ల పక్కన నిలబడి చేయండి.

వేడెక్కాక ఇంజన్ ఆగిపోతోంది, చల్లారితే మళ్లీ స్టార్టవుతోంది. ఎందుకు?

మొదటి అనుమానం టీఎఫ్ఐ మాడ్యూల్ (ఇగ్నిషన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) మీదే. అది డిస్ట్రిబ్యూటర్‌కే బిగించి ఉంటుంది, ఇంజన్ వేడికి పాడవుతుంది. కొత్తది పెట్టేటప్పుడు వెనక థర్మల్ పేస్ట్ రాయడం మరవొద్దు. చాలామంది దాన్ని రేడియేటర్ దగ్గరికి, హీట్ సింక్ మీదికి మారుస్తారు. అది మంచి పని. మాడ్యూల్ మార్చినా తగ్గకపోతే డిస్ట్రిబ్యూటర్ లోపలి పికప్, తర్వాత ఫ్యూయెల్ పంప్ రిలే చూడండి.

స్కానర్ పెట్టే పోర్టే కనిపించడం లేదు?

లేదు కాబట్టి కనిపించదు. స్కానర్ పోర్టు ఉండే ఓబీడీ-2 పద్ధతి అమెరికాలో 1996 నుంచి తప్పనిసరైంది. దీంట్లో ఉన్నది ఈఈసీ-4 కంప్యూటర్. బానెట్ కింద సెల్ఫ్ టెస్ట్ కనెక్టర్‌లో చిన్న వైరు ముక్కతో జంపర్ వేసి కీ ఆన్ చేస్తే చెక్ ఇంజన్ లైటు మిణుకుల్లో కోడ్‌లు చెబుతుంది. ఆ లైటు లేని కారైతే వోల్ట్‌మీటర్ ముల్లు ఊపుల్ని లెక్కపెట్టాలి. వేలు ఖర్చుపెట్టే ముందు ఈ పావుగంట పని చేయండి.

టార్క్ బాక్సులు, సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు నిజంగా కావాలా?

నిజంగా కావాలి. ఈ కారుకి ముందు నుంచి వెనకదాకా నిండు ఫ్రేమ్ ఉండదు. ముందో ముక్క, వెనకో ముక్క, మధ్యలో పల్చటి రేకు. లాంచ్‌లో వెనక టైర్లు పట్టు పట్టగానే ఆ బలమంతా టార్క్ బాక్సుల మీద పడుతుంది. వాటికి రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేట్లు, మధ్యలో వెల్డ్ చేసే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు వేయించండి. వెల్డింగ్ చేసేటప్పుడు కారు బరువు చక్రాల మీదే ఉండాలి. టూ-పోస్ట్ లిఫ్ట్ మీద వేలాడదీసి వెల్డ్ చేస్తే బాడీ వంగిన ఆకారంలోనే బిగిసిపోతుంది, తలుపులు సరిగ్గా పడవు. షాపుకి ఇచ్చేముందు ఈ ఒక్కటీ అడిగి తెలుసుకోండి.

బ్రేకులు ఉన్నవి చాలవా?

ఫ్యాక్టరీ బ్రేకులు ముందు 10.84 అంగుళాల డిస్క్, వెనక డ్రమ్. 225 హార్స్‌పవర్‌కే అవి అంతంతమాత్రం. పావు మైలు చివర 110 మైళ్ల వేగంలో వాటి మీద కాలు పెట్టడం నాకు ఇష్టం లేదు. 1994–2004 మస్టాంగ్ స్పిండిళ్లు (ముందు చక్రాలు బిగిసే ఇరుసు ముక్కలు), బ్రేకులు ఈ కారుకి బిగుస్తాయి, వాటితో ఐదు బోల్టుల చక్రాలు కూడా వస్తాయి. వెనక కూడా డిస్క్‌లకు మారిస్తే మాస్టర్ సిలిండర్, ప్రపోర్షనింగ్ వాల్వ్ వాటికి తగ్గవి పెట్టాలి.

హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు నోటీసు ఇస్తారా?

నడవని కారు డ్రైవ్‌వేలో కనిపిస్తే సాధారణంగా ఇస్తారు. గ్యారేజ్‌లో చోటుంటేనే ఈ పని పెట్టుకోండి.

## పవర్ పెంచడం

మొట్టమొదటి మార్పు ఏది?

వెనక గేర్లు. ఎక్కువ కార్లు 2.73 లేదా 3.08 నిష్పత్తితో (చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) వచ్చాయి. 3.73 వేస్తే ఇంజన్ ముట్టుకోకుండానే కారు స్వభావం మారిపోతుంది. ఐదో గేరు 0.68 కాబట్టి 70 మైళ్ల వేగంలో 3.08తో సుమారు 1,900 ఆర్‌పీఎం ఉండేది 3.73తో సుమారు 2,300 అవుతుంది. హైవేకి ఇబ్బందేమీ లేదు. గేర్లు మార్చాక స్పీడోమీటర్ గేర్ కూడా మార్చాలి. ట్రాక్షన్-లాక్ డిఫరెన్షియల్‌కి ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిపిన ఆయిలే పోయాలి.

హెడ్లు (సిలిండర్ల మీద వాల్వ్‌లుండే భాగాలు), క్యామ్, ఇన్‌టేక్ ఒక్కొక్కటిగా వేయొచ్చా?

వేయొచ్చు కానీ ఫలితం నిరాశపరుస్తుంది. ఈ ఇంజన్‌కి గొంతు బిగిసేది ఈ7 రకం ఫ్యాక్టరీ హెడ్ల దగ్గర. పెద్ద క్యామ్ వేసి పాత హెడ్లు ఉంచితే ఐడిల్ పాడవుతుంది తప్ప కారు కదలదు. మూడూ ఒకదానికొకటి సరిపోయేలా కొని ఒకేసారి వేయండి. మంచి అల్యూమినియం హెడ్లతో చక్రాల దగ్గర 300 హార్స్‌పవర్ చుట్టుపక్కల రావడం అందుకోదగిన లక్ష్యం. పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య ఖాళీ ఎంతుందో క్లే పెట్టి కొలవకుండా హెడ్ బిగించొద్దు.

డబ్బు తక్కువైతే జంక్‌యార్డ్ దారి ఉంది. 1996–2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 5.0లో జీటీ40, తర్వాత జీటీ40పీ హెడ్లు వచ్చాయి. రెండూ ఈ7 కంటే మెరుగే. జీటీ40పీలో స్పార్క్ ప్లగ్‌ల కోణం వేరు కాబట్టి దానికోసం చేసిన హెడర్లే కావాలి, లేకపోతే ప్లగ్ వైర్లు కాలిపోతాయి.

1988 కారు కొన్నాను. క్యామ్ వేస్తే ఐడిల్ నిలబడటం లేదు?

కాలిఫోర్నియాకి వచ్చిన 1988 కార్లు తప్పిస్తే 1988 దాకా వచ్చినవి స్పీడ్ డెన్సిటీ పద్ధతివి. ఆ కంప్యూటర్ వ్యాక్యూమ్‌ని బట్టి గాలిని అంచనా వేస్తుంది. పెద్ద క్యామ్ ఆ వ్యాక్యూమ్‌ని చెదరగొడితే అంచనా తప్పుతుంది. మాస్ ఎయిర్ కన్వర్షన్ గానీ ట్యూన్ చేసుకోగల కొత్త ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) గానీ పెట్టడమే దారి.

ఇంజన్ ఎంతవరకు తట్టుకుంటుంది?

ఫ్యాక్టరీ బ్లాక్ సుమారు 500 హార్స్‌పవర్ దాటాక నిలువునా చీలే ప్రమాదం ఉంది. లిఫ్టర్ వ్యాలీ పొడవునా పగులుతుంది, మెయిన్ గర్డిల్ (బ్లాక్ అడుగున వేసే బలపు ప్లేటు) వేసినా ఆగదు. అంతకంటే కావాలంటే ఆఫ్టర్‌మార్కెట్ బ్లాక్ ధర ముందే లెక్కలో వేసుకోండి. ఇంకా ముందే విరిగేది గేర్‌బాక్స్. 1990 నుంచి ఈ కార్ల ఐదు గేర్ల మాన్యువల్ టీ-5కి ఉన్న రేటింగ్ 300 పౌండ్-ఫీట్, అంతకు ముందు ఇంకా తక్కువ. అతుక్కునే టైర్లతో క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే గేరు పళ్లు రాలతాయి. ట్రెమెక్ టీకేఎక్స్ లాంటి గేర్‌బాక్స్‌లు 600 దాకా తట్టుకుంటాయి.

నైట్రస్ వేయొచ్చా? ఏ పెట్రోల్ పోయాలి?

ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కి 75–100 హార్స్‌పవర్ షాట్ మోతాదులో ఉన్నట్టే. అయితే ఫ్యాక్టరీ ఫ్యూయెల్ పంప్ తీసేసి గంటకు 255 లీటర్ల పంప్ వేయాలి, టైమింగ్ వెనక్కి జరపాలి, తక్కువ ఆర్‌పీఎంలో పొరపాటున తెరుచుకోకుండా విండో స్విచ్ ఉండాలి. ఈ మూడిట్లో ఏది లేకపోయినా వేయొద్దు. పెట్రోల్ టెక్సాస్‌లో సులువుగా దొరికే 93 పోయండి. అమెరికా అంకె వేరే కొలత: ఇక్కడి 87 దాదాపు ఇండియాలోని 91కి సమానం, ఇక్కడి 93 అక్కడి 98కి దగ్గర.

## డ్రాగ్ స్ట్రిప్‌లో

మొదటిసారి వెళ్తున్నాను. ఏమేం తీసుకెళ్లాలి? నన్ను వెనక్కి పంపేస్తారా?

ఫుల్ ప్యాంటు, చేతుల చొక్కా, కాళ్లు మూసే బూట్లు వేసుకోండి. డిక్కీ ఖాళీ చేయండి, వీల్ క్యాప్‌లు తీసేయండి. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం) నియమాల ప్రకారం పావు మైలు 13.99 సెకన్లు, అంతకంటే వేగమైతే స్నెల్ ముద్ర ఉన్న హెల్మెట్ కావాలి. 11.49 నుంచి ఈ పాత కార్లకు రోల్ బార్, దానికి తగ్గ సీటు బెల్టులు, డ్రైవ్‌షాఫ్ట్ లూప్ (షాఫ్ట్ విరిగితే నేలకి తగలకుండా పట్టే ఉంగరం) కావాలి. స్లిక్స్ (గాడుల్లేని రేసు టైర్లు) వేస్తే ఆ లూప్ 13.99 నుంచే. 10.99 దగ్గర వెనక యాక్సిల్‌కి సీ-క్లిప్‌ల బదులు వేరే బిగింపు ఉండాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ యాక్సిల్ విరిగితే చక్రంతో సహా బయటికి వచ్చేస్తుంది. 9.99 అంటే పూర్తి రోల్ కేజ్, లైసెన్సు. బ్యాటరీని డిక్కీలోకి మార్చినవాళ్లకి కారు వెనక బయటి నుంచి ఆపే కట్-ఆఫ్ స్విచ్ తప్పనిసరి. నియమాలు మారుతుంటాయి, వెళ్లేముందు ఆ ట్రాక్ వాళ్లకి ఫోన్ చేయండి.

లైట్ల దగ్గర కంగారుగా ఉంది. ఏం జరుగుతుంది?

మెల్లగా ముందుకి వెళ్తే పై లైటు వెలుగుతుంది, అది ప్రీ-స్టేజ్. ఇంకో అడుగులోపే రెండోది, అది స్టేజ్. ఇద్దరూ స్టేజ్ అయ్యాక మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో, తర్వాత ఆకుపచ్చ. మూడో పసుపు చూడగానే కదలండి. ముందే కదిలితే ఎరుపు పడుతుంది, ఆ రేసు పోయినట్టే. ఒక్కటి గుర్తుంచుకుంటే కంగారు తగ్గుతుంది: మీ చక్రం కదిలినప్పటి నుంచే ఈటీ (గీత నుంచి గీత దాకా పట్టిన టైం) లెక్క మొదలవుతుంది. టెస్ట్ రోజున ఆలస్యంగా కదిలినా మీ టైముకి నష్టమేమీ లేదు.

టైం స్లిప్‌లో ఇన్ని అంకెలేంటి? నేను ఏది చూడాలి?

మొదట 60 అడుగుల టైం. మామూలు టైర్లతో 2.1–2.3 వస్తుంది, డ్రాగ్ రేడియల్స్‌తో (రోడ్డు మీద కూడా నడిచే, ఎక్కువ పట్టున్న టైర్లు), సరైన లాంచ్‌తో 1.8 దగ్గరికి తేవచ్చు. అక్కడ తగ్గించిన పదో వంతు సెకను చివర్లో దాదాపు ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెట్టింపవుతుంది. చివరి వేగం పవర్ ఎంతో చెబుతుంది, ఈటీ ఆ పవర్‌ని నేలకి ఎంత దించారో చెబుతుంది. 100 మైళ్ల వేగంతో గీత దాటిన కారు 14.8 చూపిస్తే పవర్ ఉన్నట్టే, లేనిది పట్టు. ఇంకో ఇన్‌టేక్ కొనకండి, టైర్లు కొనండి.

ఏ మార్పూ లేని కారు 14ల చివర్లో ఉంటుంది. గేర్లు, టైర్లు, ఎగ్జాస్ట్‌తో 13ల మధ్యకి వస్తుంది. హెడ్లు, క్యామ్, ఇన్‌టేక్ కలిశాక 12లు. ఏసీ పనిచేస్తూ, ఆఫీసుకి కూడా వెళ్లగలిగే 12 సెకన్ల కారు ఈ డబ్బుకి దొరికే గొప్ప ఆనందం అని నేను గట్టిగా నమ్ముతాను.

లాంచ్‌లో వెనక భాగం దడదడ ఎగురుతోంది?

అది వీల్ హాప్. వెంటనే కాలు తీయండి, యాక్సిల్, టార్క్ బాక్సులు రెండూ దానివల్లే పోతాయి. బాక్స్ చేసిన గట్టి లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లు వేస్తే చాలావరకు తగ్గుతుంది. పై ఆర్మ్‌లకు రెండు చివరలా పాలీ (గట్టి పాలీయురేథేన్) బుష్‌లు వేయొద్దు, సస్పెన్షన్ బిగుసుకుని మలుపుల్లో కారు ఉన్నట్టుండి జారుతుంది. డ్రాగ్ రేడియల్స్‌లో గాలి 16–20 పీఎస్‌ఐ మధ్య పెట్టి చూడండి, హైవే ఎక్కేముందు మళ్లీ నింపండి. మామూలు టైర్లతో వెళ్తే లాంచ్ గీత ముందు టైర్లు తడిపే నీళ్ల గుంటలోకి దిగకుండా పక్కనుంచి వెళ్లండి. టైరు గాడుల్లో చేరిన నీరు లాంచ్ గీత దాకా కారుతూ మీతోపాటు వెనకవాళ్లనీ జారుస్తుంది.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా. చెవులకి ఇయర్ మఫ్స్ పెట్టండి, పిట్స్‌లో (కార్లు సిద్ధం చేసే చోట) చెయ్యి వదలకండి. వాళ్లకే ఆసక్తి పుడితే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ జూనియర్ డ్రాగ్ రేసింగ్ లీగ్‌లో 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగం సైజు కార్లతో పోటీపడతారు. ఎలా చేర్చాలో మీకు దగ్గర్లోని ట్రాక్ ఆఫీసులోనే చెబుతారు.